చూసింది రాయడం: రెస్టారెంట్లలో మిస్టరీ షాపర్ పని

నేను మిస్టరీ షాపర్‌గా, అంటే మామూలు కస్టమర్‌లా వెళ్లి అక్కడి సేవ ఎలా ఉందో యాజమాన్యానికి నివేదిక రాసే మనిషిగా, రెస్టారెంట్లకు వెళ్తుంటానని తెలిసినవాళ్లు మొట్టమొదట అనే మాట ఒకటే: "అంటే ఊరికే తిని, పైగా డబ్బులు కూడా తీసుకుంటారన్నమాట!" ఆ మాటలో అబద్ధమేమీ లేదు గానీ, అందులో కనిపించేది ఈ పనిలో చాలా చిన్న భాగం. భోజనం గంటన్నరలో ముగుస్తుంది. దాని గురించి రాయవలసిన నివేదిక ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. తింటున్నంతసేపూ ఒక కన్నూ ఒక చెవీ పనిమీదే ఉండాలి కనుక, సొంత డబ్బుతో వెళ్లినప్పుడు దొరికే తీరిక ఇక్కడ దొరకదు. ఈ పని ఎలా జరుగుతుందో, అందులో నాకు ఏది కష్టంగా, ఏది అన్యాయంగా తోస్తుందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆహార విమర్శకులకూ మాకూ ఉన్న తేడా ముందుగా చెప్పాలి. ఇద్దరమూ ఎవరమో చెప్పకుండానే వెళ్తాం, మామూలు కస్టమర్లలాగే బిల్లు కట్టి బయటికి వస్తాం. 1900లో ఫ్రాన్స్‌లో కార్లు నడిపేవారి కోసం మొదలై, 1926లో రెస్టారెంట్లకు నక్షత్రాలు ఇవ్వడం ప్రారంభించిన మిషెలిన్ గైడు పరిశీలకులు ఈనాటికీ అజ్ఞాతంగానే తింటారు. అయితే వాళ్లు రాసేది పాఠకుల కోసం. మేం రాసేది ఆ రెస్టారెంటు యాజమాన్యం కోసం. బయటివాళ్లెవరూ దాన్ని చూడరు. వంట ఎంత గొప్పగా ఉందన్నది విమర్శకుడి ప్రశ్న. సంస్థ తన శాఖలన్నిటికీ ఏ పద్ధతి నిర్ణయించుకుందో, ఆ పద్ధతిని ఈ రోజు, ఈ పూట, ఈ టేబుల్ దగ్గర పాటించారా లేదా అన్నది మా ఫారంలోని ప్రశ్న. అందువల్ల మామూలు వంటకానికి పూర్తి మార్కులు పడవచ్చు. నోరూరించే వంటకానికి, అది మెనూలోని ఫొటోకు భిన్నంగా వచ్చిందన్న కారణంతో మార్కులు తగ్గనూవచ్చు. రుచులు బాగా తెలిసి ఉండడం ఈ పనికి అర్హత కాదు సరికదా, కొన్నిసార్లు అడ్డం కూడా అని నా అభిప్రాయం. రుచి మీద గట్టి అభిప్రాయాలున్న మనిషి ప్లేటు వైపే చూస్తాడు గానీ, పక్క టేబుల్ తుడిచిన గుడ్డతోనే తన టేబుల్ కూడా తుడిచారన్న సంగతి చూడడు.

ఈ వృత్తి పుట్టింది భోజనాల దగ్గర కాదు. 1940లలో అమెరికాలో బ్యాంకులూ దుకాణాలూ తమ ఉద్యోగుల నిజాయితీని పరీక్షించడానికి ప్రైవేటు పరిశోధకులను కస్టమర్ల వేషంలో పంపిన రోజుల్లో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పాత వాసన ఇప్పటికీ కొన్ని పనుల్లో మిగిలే ఉంది. బార్ కౌంటర్ దగ్గర కూర్చోమని చెప్పే పనుల్లో, గ్లాసులో పోసిన ప్రతి డ్రింకునూ బిల్లింగ్ మెషీన్‌లో ఎక్కించారా, కొలత గిన్నెతో పోశారా లేక చేతివాటంగా పోశారా, నగదు తీసుకున్నాక గల్లాపెట్టెలో వేశారా లేక పక్కన పెట్టారా అన్నవే అసలు ప్రశ్నలు. అలాంటి పనులు నేను ఒప్పుకోను. ఎవరో దొంగ అయి ఉండవచ్చునన్న అనుమానంతో ఎదురుగా కూర్చుని, అతను నవ్వుతూ అందించినది తాగడం నా వల్ల కాదు. మిగిలిన పనులు చాలావరకు సేవ ఎలా ఉందో చూసేవే. యజమాని స్వయంగా హాల్లోకి వస్తే అందరి నడకా మారిపోతుంది, నిలబడే తీరు మారిపోతుంది. అతను లేనప్పుడు ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి సిబ్బందికి ముఖపరిచయం లేని మనిషి కావాలి. మా అవసరం అంతవరకే.

పని ఒప్పుకోగానే, దాన్ని అప్పగించే మిస్టరీ షాపింగ్ సంస్థ నుంచి ఒక బ్రీఫ్, అంటే ఏం చేయాలో చెప్పే పత్రం, చేతికి వస్తుంది. ఏ రోజుల్లో, ఏ గంట నుంచి ఏ గంట మధ్య వెళ్లాలి, ఒక్కరే వెళ్లాలా ఇంకొకరిని తీసుకువెళ్లాలా, ఏమేమి తప్పనిసరిగా ఆర్డర్ చేయాలి, ఏవి ఆర్డర్ చేయకూడదు, ఖర్చులో ఎంతవరకు తిరిగి ఇస్తారు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఫోన్ చేసి టేబుల్ బుక్ చేసుకోమని, ఎన్ని రింగులకు ఫోన్ ఎత్తారో లెక్కపెట్టమని ఉంటుంది. మెనూలో ఏది బాగుంటుందని సర్వర్‌ను అడగమని, ఒక పదార్థం పడదని చెప్పి అతనేం చేస్తాడో చూడమని ఉంటుంది. ఈ రెండోది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. అలర్జీ ఉందని చెప్పినప్పుడు సర్వర్ తనకు తోచింది చెప్పేసి వెళ్లిపోతాడా, లేక వంటగదిలో కనుక్కుని వచ్చి చెబుతాడా అన్నదానిమీద రేపు మరో కస్టమర్ ప్రాణం ఆధారపడి ఉండవచ్చు. ఫారంలో ఉన్న ప్రశ్నలన్నిటిలో నేను అత్యంత శ్రద్ధగా నింపేది దానినే. కొన్ని పనుల్లో ఆహారం ఎంత వేడిగా వచ్చిందో కొలవడానికి చిన్న థర్మామీటరు వెంట తీసుకువెళ్లమంటారు. వండిన ఆహారాన్ని వడ్డించే వరకు 60 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంచాలని, చల్లగా ఉంచవలసిన వాటిని 5 డిగ్రీల లోపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒళ్లో న్యాప్కిన్ చాటున థర్మామీటరు దాచుకుని, ఎవరూ చూడని క్షణం కోసం ఎదురుచూస్తూ, ఈలోగా ప్లేటు చల్లారిపోతుంటే పడే ఆందోళన మాత్రం నవ్వు తెప్పించేదే.

ఇక గడియారం. లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి పలకరింపు వరకు, కూర్చున్నప్పటి నుంచి మొదటి డ్రింకు వరకు, ఆర్డర్ ఇచ్చినప్పటి నుంచి ప్లేటు వచ్చే వరకు, బిల్లు అడిగినప్పటి నుంచి అది టేబుల్ మీదికి వచ్చే వరకు ప్రతి విరామాన్నీ నమోదు చేయాలి. కాగితం, పెన్ను తీస్తే గుట్టు బయటపడుతుంది. అందుకే మాలో చాలామందిమి ఫోన్‌ను ఆశ్రయిస్తాం. నాకు నేనే పంపుకునే ఒక్క అక్షరం మెసేజ్‌కు దాని సమయం అదే పడుతుంది. "ప" అంటే పలకరింపు, "డ్రిం" అంటే డ్రింకు వచ్చింది. ప్లేటు ఫొటో తీసుకోవడం ఈ రోజుల్లో ఎవరికీ వింతగా తోచదు కాబట్టి, ఆ ఫొటో కూడా సమయానికి సాక్ష్యమే. అన్నిటికన్నా నమ్మదగినది బిల్లు: ఆర్డర్ ఎక్కించిన సమయం, టేబుల్ నంబరు, ఎంతమంది తిన్నారు, ఎవరు వడ్డించారు అన్నవి చాలా బిల్లుల మీద అచ్చయి ఉంటాయి. పట్టుబడేది ఎక్కువగా చూపుల వల్లే. సర్వర్ రాగానే ముఖం చూడకుండా ఛాతీ మీది పేరు బ్యాడ్జి చూసేవాళ్లను, కూర్చోగానే వాష్‌రూమ్‌కు లేచేవాళ్లను, మాటిమాటికి వాచీ చూసుకునేవాళ్లను అనుభవమున్న సిబ్బంది ఇట్టే పసిగడతారు. వెంట తీసుకువెళ్లిన స్నేహితుడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. విషయం అతనికి ముందే చెబితే గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెడతాడు, చెప్పకపోతే మనం ఎందుకు ఇలా ప్రవర్తిస్తున్నామని పదిమందిలో అడుగుతాడు.

నివేదికను 12 లేదా 24 గంటల లోపు పంపాలన్న గడువు చాలా సంస్థల్లో ఉంటుంది. మొదట్లో ఇది అనవసరపు తొందర అనిపించేది గానీ, దాని వెనుక గట్టి కారణమే ఉంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షర సమూహాలను తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలుచుకుని 1885లో ప్రకటించాడు. మరపు మొదటి కొన్ని గంటల్లోనే వేగంగా సాగి, ఆ తర్వాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. రెస్టారెంటు అనుభవానికి ఇది అచ్చంగా వర్తిస్తుంది. మర్నాటికి సర్వర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడో లేదో గుర్తుండదు. అంతకన్నా ప్రమాదం, గుర్తుందని అనుకుని కల్పించేస్తాం.

మరపు కన్నా మోసకారిది మన ఇష్టాయిష్టాల రంగు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో ప్రచురించిన పరిశీలనలో, సైనికాధికారులు తమ కింది వాళ్ల దేహదారుఢ్యాన్ని, తెలివిని, నాయకత్వాన్ని, నడవడికను వేర్వేరుగా అంచనా వేయమన్నా, ఒక గుణంలో బాగున్నవాడికి అన్నిటిలోనూ మంచి మార్కులే వేశారని చూపించాడు. మర్యాదగా మాట్లాడిన సర్వర్ తెచ్చిన సూప్ గోరువెచ్చగా ఉన్నా "వేడిగానే ఉంది" అని రాయబోతున్న నా చేతిని నేనే ఆపుకున్న సందర్భాలు ఉన్నాయి. దీనికి తోడు ముగింపు చేసే మాయ. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగంలో, చల్లటి నీళ్లలో 60 సెకన్లు చేయి ఉంచిన వాళ్లకు, అలాగే 60 సెకన్లు ఉంచి, నీటిని కాస్త వెచ్చబరిచి మరో 30 సెకన్లు కొనసాగించిన అనుభవం కూడా ఇచ్చి, ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదాన్నే కోరుకున్నారు. బాధ మొత్తం ఎక్కువైనా చివర తేలికపడింది కాబట్టి జ్ఞాపకంలో అదే నయమనిపించింది. బిల్లు దగ్గర జరిగే ఆలస్యం అప్పటివరకు సజావుగా సాగిన భోజనాన్నంతటినీ చేదు చేసేది ఇందుకే. చివరిలో చెప్పిన ఒక మంచి మాట అరగంట నిర్లక్ష్యాన్ని కప్పేసేదీ ఇందుకే. అందుకని నేను ఫారం నింపేటప్పుడు చివరి నుంచి వెనక్కి వస్తాను. ముగింపు రంగు అంటకుండా మొదటి నిమిషాలను చూడడానికి నాకు దొరికిన ఉపాయం అదొక్కటే.

నివేదికలో విశేషణాలకు చోటు లేదు. "సర్వర్ విసుగ్గా ఉన్నాడు" అని రాస్తే, మా నివేదికలను సరిచూసే ఎడిటర్ వెంటనే వెనక్కి పంపుతాడు: విసుగు మీకెలా తెలిసింది? "ఆర్డర్ తీసుకుంటున్నంతసేపూ మా వైపు చూడలేదు, రెండో వంటకం పేరు చెబుతుండగానే పుస్తకం మూసి వెనుదిరిగాడు" అని రాయాలి. మొదటి వాక్యం ఒక మనిషి మీద తీర్పు, దానికి అతను సమాధానం చెప్పుకోలేడు. రెండో వాక్యం జరిగిన సంగతి, దాన్ని అతను ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, కారణం చెప్పవచ్చు. ఒకరి జీతం మీద, షిఫ్టు మీద ప్రభావం చూపే కాగితం రాసేవాడికి ఈ తేడా తెలియకపోతే ఆ పని చేయకపోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. నన్ను కూర్చోబెట్టిన టేబుల్‌కు పక్కనే ఒక వృద్ధుడు ఒంటరిగా కూర్చుని, మెనూను చేతిపొడవునా దూరంగా పట్టుకుని చదవడానికి అవస్థపడుతున్నాడు. మా రెండు టేబుళ్లకూ ఒకే సర్వర్. ఆ అమ్మాయి తన ఫోన్ లైటు వేసి, వంగి, ఒక్కో వంటకం పేరూ పైకి చదివి, ఏది మెత్తగా ఉంటుందో, ఏది నమలడం కష్టమో చెబుతోంది. మధ్యలో నా వైపు చూసి, అరచేయి ఎత్తి, ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేసింది. ఫారంలోని ప్రశ్న: కస్టమర్ కూర్చున్న రెండు నిమిషాల లోపు సర్వర్ మాటతో పలకరించారా? ఆమె నా దగ్గరికి వచ్చింది నాలుగు నిమిషాలు దాటాక. బ్రీఫ్‌లో "మాటతో" అని స్పష్టంగా ఉంది కనుక సైగ లెక్కలోకి రాదు. "లేదు" అన్న గడిలోనే టిక్ పెట్టాను. దాని కింది ఖాళీలో మాత్రం ఆ నాలుగు నిమిషాల్లో ఆమె ఏం చేస్తోందో, సైగ ఎప్పుడు చేసిందో వరుసగా రాశాను. ఎడిటర్ నుంచి ఒకే ప్రశ్న వచ్చింది: ఆ సమయంలో వేరే సిబ్బంది ఎవరైనా ఖాళీగా ఉన్నారా? ఉన్నారు. కౌంటర్‌కు ఆనుకుని ఇద్దరు మాట్లాడుకుంటూ నిలబడి ఉన్నారు, అందులో ఒకరు నా వైపు చూశారు కూడా. ఆ వాక్యం చేర్చాక నివేదిక అర్థమే మారిపోయింది. లోపం ఆమెది కాదు. ఒక సర్వర్ పనిలో చిక్కుకుంటే ఆమె టేబుల్‌ను మరొకరు అందుకోవాలన్న అలవాటు ఆ హాల్లో లేదు. మార్కుల పట్టిక ఒక్కటే చూస్తే ఆమె పేరు పక్కన సున్నా కనిపిస్తుంది. వివరణ చదివితే మేనేజర్ సరిదిద్దుకోవలసినది కనిపిస్తుంది. మార్కులు చూసి వివరణ చదవని యాజమాన్యాలు ఉన్నాయన్న అనుమానం నన్ను వదలదు.

ఫారం తెచ్చిపెట్టే మరో చిక్కు చిలకపలుకులు. భోజనం చివర డెజర్ట్ తీసుకోమని సూచించారా అన్నది చాలా ఫారాల్లో కనిపించే ప్రశ్న. సర్వర్లకు అది తెలుసు. అందుకే వాచీ చూసుకుంటూ, బ్యాగు భుజాన వేసుకుని, బిల్లు కోసం చేయి ఊపుతున్న కస్టమర్ దగ్గరికి కూడా వచ్చి, నేర్పించిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. ఎదుటి మనిషి తొందరను గమనించి, మారు మాట్లాడకుండా బిల్లు తెచ్చిచ్చిన సర్వర్‌కు ఆ ప్రశ్నలో మార్కు పోతుంది. కొలమానమే లక్ష్యంగా మారినప్పుడు అది మంచి కొలమానంగా మిగలదని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి భోజనం చివరి పది నిమిషాలు చాలు. ఇలాంటి చోట నేను టిక్ బ్రీఫ్ చెప్పినట్టే పెడతాను, ఎందుకంటే నా ఇష్టానికి నియమాన్ని సడలిస్తే ఒక శాఖను మరో శాఖతో పోల్చడానికి వీలుండదు. వివరణలో మాత్రం నేను తొందరలో ఉన్నట్టు ఎలా కనిపించానో కూడా రాస్తాను.

సిబ్బందికి ఈ పరిశీలనల సంగతి ముందే తెలిసి ఉండాలన్నది నా పట్టుదల. ఏ రోజు, ఎవరు వస్తారన్నది చెప్పనక్కర్లేదు. ఇలాంటివాళ్లు వస్తుంటారని, ఏయే విషయాలు చూస్తారని చెప్పాలి. అలా చెప్పిన చోట ఇది పరీక్ష అవుతుంది, చెప్పని చోట ఉచ్చు అవుతుంది. ఒక్క పూట చూసినదాన్ని పట్టుకుని ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేయడం కూడా నాకు సమ్మతం కాదు. ఒకరికి ఆ పూట ఒంట్లో బాగాలేకపోయి ఉండవచ్చు. వేర్వేరు పరిశీలకులు వేర్వేరు పూటల్లో అదే లోపాన్ని చూస్తేనే దానికి విలువ. ఒకసారి వెళ్లిన చోటికి అదే పరిశీలకుడిని కొన్ని నెలల వరకు మళ్లీ పంపకపోవడానికి గుర్తుపడతారన్న భయమే ముఖ్య కారణమైనా, చూసే కళ్లు మారడం సిబ్బందికీ మేలే.

డబ్బు విషయానికి వస్తే, ఇది జీవనాధారం కాగల పని కాదు. బిల్లు ముందు మన జేబులోంచే కట్టాలి. నివేదికను ఎడిటర్ ఆమోదించాక, కొన్ని వారాలకు, నిర్ణీత పరిమితి వరకు అది తిరిగి వస్తుంది, దానితోపాటు చిన్న ఫీజు. పరిమితి దాటిన ఖర్చు మనదే. బిల్లు పోగొట్టుకున్నా, తప్పనిసరి వంటకం ఆర్డర్ చేయడం మరిచినా, నిర్ణీత సమయం దాటి వెళ్లినా నివేదికను తిరస్కరించవచ్చు, అప్పుడు భోజనమూ మన ఖర్చే, శ్రమా వృథాయే. వెళ్లి రావడానికి, రాయడానికి, ఎడిటర్ ప్రశ్నలకు జవాబులివ్వడానికి పట్టే సమయాన్ని లెక్కగడితే గంటకు మిగిలేది చాలా తక్కువ. బయట తినే అలవాటు ఎలాగూ ఉండి, రాయడం మీద ఇష్టమున్నవాళ్లకే ఇది సరిపడుతుంది.

చేరాలనుకునేవాళ్లు మోసాల గురించి తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ పని పేరు చెప్పి మోసం చేసేవాళ్లు ఎక్కువ. నిజమైన సంస్థ చేరడానికి రుసుము అడగదు, సర్టిఫికెట్ కొనుక్కోమనదు, పని జాబితా ఇస్తానని డబ్బు కట్టించుకోదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది చెక్కు మోసం: అడగకుండానే పెద్ద మొత్తానికి చెక్కు వస్తుంది, దాన్ని ఖాతాలో వేసుకుని, కొంత మీ ఫీజుగా ఉంచుకుని, మిగిలినదానితో గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపమని, లేదా ఫలానా చోటికి డబ్బు పంపి ఆ సేవ ఎలా ఉందో రాయమని చెబుతారు. చెక్కు దొంగదని బ్యాంకు తేల్చడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా మీరు పంపిన డబ్బు వెళ్లిపోతుంది, చెక్కు మొత్తాన్ని బ్యాంకు మీ నుంచే రాబట్టుకుంటుంది. ఎంఎస్‌పీఏ అనే అంతర్జాతీయ వృత్తి సంఘం తన సభ్య సంస్థల జాబితాను వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. మీకు వచ్చిన మెసేజ్‌లోని లింకును నొక్కకుండా, సంస్థ పేరును ఆ జాబితాలో వెతికి, అక్కడ కనిపించిన చిరునామా ద్వారానే దరఖాస్తు చేసుకోండి.